చెయ్యి తగిలింది సరే, తప్పెవరిది?

(ఇంగ్లండులోని తెలుగు కుటుంబాల కోసం ఒక ఆదివారం ఉదయం ప్రసారమైన రేడియో ప్రసంగానికి ఇది అక్షరరూపం. మాట్లాడిన ధోరణిని మార్చకుండా అలాగే ఉంచాం.)

ఈ వారం మన కబుర్లు ఫుట్‌బాల్ గురించి. "మాకు క్రికెట్ తప్ప ఇంకో ఆట తెలియదండీ" అంటూ రేడియో కట్టెయ్యకండి. క్రికెట్ తెలిసినవాళ్ళకే ఈ విషయం తొందరగా అర్థమవుతుంది. ఎందుకో చివర్లో చెప్తాను.

ఇక్కడ పుట్టి పెరుగుతున్న పిల్లలున్న ఇళ్ళల్లో శనివారం రాత్రి ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. "నాన్నా, పోయిన వారం ఇలాగే చేతికి తగిలితే పెనాల్టీ ఇచ్చారు కదా, ఇవాళ ఎందుకివ్వలేదు?" నాన్న దగ్గర జవాబుండదు. ఆ మాటకొస్తే టీవీలో కూర్చుని విశ్లేషణ చెప్పే పాత ఆటగాళ్ళ దగ్గరా ఉండదు. ఒకాయన ముమ్మాటికీ పెనాల్టీయే అంటాడు, పక్కనున్నాయన ఛస్తే కాదంటాడు. ఇద్దరూ ఇరవయ్యేళ్ళు ఆడినవాళ్ళే! ఇద్దరూ చూసింది ఒకే దృశ్యమే, అదీ పదిసార్లు, నాలుగు వైపుల నుంచి. మరి తేడా ఎక్కడుంది? ఇవాళ ఆ ముడి విప్పడానికి ప్రయత్నిద్దాం.

ముందు చట్టం ఎవరిదో చూద్దాం. ఫుట్‌బాల్‌కి మొత్తం 17 చట్టాలున్నాయి. చేతి తప్పు, అంటే హ్యాండ్‌బాల్, 12వ చట్టంలోకి వస్తుంది. వీటిని రాసేది ఫీఫా అని చాలామంది అనుకుంటారు. నిజానికి ఐఫాబ్ అనే చిన్న మండలి రాస్తుంది. 1886లో ఇంగ్లండు, స్కాట్లండు, వేల్స్, ఐర్లండు సంఘాలు కలిసి పెట్టుకున్న మండలి అది. ఫీఫా 1913లో వచ్చి చేరింది. ఇప్పుడు బ్రిటన్‌లోని నాలుగు సంఘాలకు తలా ఒక ఓటు, ఫీఫాకు 4 ఓట్లు. చట్టంలో మార్పు చెయ్యాలంటే ఆ ఎనిమిదింటిలో 6 ఓట్లు పడాలి. ప్రపంచంలో ఏ మూల ఆడినా, మన పిల్లలు పార్కులో ఆడినా, పుస్తకం మాత్రం వీళ్ళదే.

ఇప్పుడొక తమాషా సంగతి. 1863లో లండన్లో రాసుకున్న మొట్టమొదటి నియమాల్లో చేత్తో బంతి పట్టుకోవడం పూర్తిగా నిషేధం కాదు. గాల్లో వచ్చిన బంతిని శుభ్రంగా పట్టుకుంటే ఫ్రీకిక్ కూడా ఇచ్చేవారు. నేలమీదున్న బంతిని చేత్తో తియ్యకూడదు, చేతులతో విసరకూడదు, అంతే. 1870 నాటికి చేతులు పూర్తిగా నిషేధమయ్యాయి. 1871లో గోల్‌కీపర్‌కి మాత్రం మినహాయింపు ఇచ్చారు. ఆ కీపరు కూడా 1912 దాకా తన సగం మైదానంలో ఎక్కడైనా చేతులు వాడుకోవచ్చు! ఆ ఏడాది నుంచే అతన్ని పెనాల్టీ ఏరియాకి కట్టేశారు.

పెనాల్టీ అసలు పుట్టిందే ఇలాంటి తప్పుల వల్ల. గోల్లోకి పోయే బంతిని చేత్తో ఆపేసి, "ఫ్రీకిక్కే కదా, కొట్టుకోండి" అని గీత మీద అందరూ అడ్డంగా నిలబడిపోయేవారు. దీనికి విరుగుడుగా ఉత్తర ఐర్లండులోని ఆర్మా ప్రాంతానికి చెందిన విలియం మెక్రమ్ అనే ఆయన పెనాల్టీ కిక్ అన్న ఆలోచన చెప్పాడు. ఆయన స్వయంగా గోల్‌కీపరు! 1891లో ఐఫాబ్ దాన్ని ఒప్పుకుంది. అంటే మొదట్లో పెనాల్టీ ఉద్దేశం చాలా స్పష్టం. కావాలని దొంగదెబ్బ తీసినవాడికి గట్టి శిక్ష పడాలి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

ఆ తరవాత నూరేళ్ళ పైచిలుకు చట్టం ఒకే ఒక ప్రశ్న అడిగింది. "కావాలని చేశాడా?" చెయ్యి బంతి వైపు కదిలిందా, లేక బంతే వచ్చి చేతికి తగిలిందా? ఎంత దూరం నుంచి వచ్చింది, తప్పించుకునే వ్యవధి ఉందా? ఇవన్నీ చూసి రిఫరీ అర క్షణంలో నిర్ణయం చెప్పేవాడు. అది మనిషి మనసు గురించిన ప్రశ్న. ఇంకొకడి మనసులో ఏముందో మనం ఊహించాలి తప్ప కొలవలేం. అందుకే తప్పులు జరిగేవి, వాటితో పాటే ఆట నడిచిపోయేది.

కొన్ని తప్పులు మాత్రం మరిచిపోలేనివి. 1986 జూన్ 22న మెక్సికో సిటీలో మారడోనా చేత్తో కొట్టిన గోలు సంగతి ఫుట్‌బాల్ చూడనివాళ్ళకీ తెలుసు. ట్యునీసియా రిఫరీ చూడలేదు, గీత దగ్గరున్న సహాయకుడూ జెండా ఎత్తలేదు. అర్జెంటీనా 2-1తో ఇంగ్లండును ఇంటికి పంపింది. 2009 నవంబరు 18న పారిస్‌లో ఐర్లండుకి అంతకంటే అన్యాయం జరిగింది. ప్రపంచకప్‌కి వెళ్ళేది ఎవరో తేల్చే ఆటలో, అదనపు సమయంలో, ఫ్రాన్స్ ఆటగాడు థియరీ ఆన్రీ బయటికి పోతున్న బంతిని చేత్తో ఆపి అందించాడు, గలాస్ గోల్ చేశాడు. కోట్లమంది టీవీలో చూశారు, రిఫరీ ఒక్కడే చూడలేకపోయాడు. ఆట మళ్ళీ పెట్టమని ఐర్లండు అడిగితే ఫీఫా కుదరదంది. తరవాత ఫీఫా ఐర్లండు సంఘానికి 50 లక్షల యూరోలు ఇచ్చిందన్న సంగతి 2015లో బయటపడింది. డబ్బు వచ్చినా ప్రపంచకప్ రాలేదు కదండీ.

అందుకని, "ఇంట్లో కూర్చున్న మాకు కనిపిస్తున్నది మైదానంలో రిఫరీకి ఎందుకు కనిపించకూడదు?" అని జనం అడగడంలో న్యాయం ఉంది. అలా వచ్చిందే వీడియో రిఫరీ, ఇక్కడ అందరూ వీఏఆర్ అంటారు. 2016లో ప్రయోగాలకు అనుమతిచ్చారు. 2018 మార్చిలో చట్టంలో చేర్చారు. ఆ ఏడు రష్యా ప్రపంచకప్‌లో వాడారు, 2019-20 నుంచి మన ప్రీమియర్ లీగ్‌లోకి వచ్చింది. ప్రీమియర్ లీగ్ వీడియో గది హీత్రో విమానాశ్రయానికి దగ్గర్లో, స్టాక్లీ పార్క్‌లో ఉంది. హౌన్స్‌లో, స్లావ్ వైపు ఉండే మనవాళ్ళలో ఆ దారిన రోజూ ఆఫీసుకి వెళ్ళేవాళ్ళూ ఉంటారు. అంతమంది తిట్టుకునే గది ఈ పక్కనే ఉందని ఎంతమందికి తెలుసో!

ఈ గదిలో కూర్చున్నవాళ్ళు ప్రతిదానికీ అడ్డు రారు. 2018లో చట్టంలో చేర్చినప్పుడు నాలుగే సందర్భాలు పెట్టారు. గోలా కాదా, పెనాల్టీయా కాదా, నేరుగా ఎర్ర కార్డా కాదా, ఒకడు చేసిన తప్పుకి ఇంకొకడికి కార్డు చూపించారా. వీటిల్లో కూడా రిఫరీ చేసింది స్పష్టంగా, ఎవరు చూసినా తెలిసిపోయే తప్పయితేనే కలగజేసుకోవాలి. ఈ 'స్పష్టంగా' అన్న మాట దగ్గరే కథంతా మొదలైంది.

ఒక తేడా చూడండి. బంతి గోలు గీత దాటిందా లేదా అన్నది కొలత. దాటితే దాటింది, లేకపోతే లేదు. 2010లో బ్లోమ్‌ఫాంటీన్‌లో జర్మనీ మీద ఇంగ్లండు ఆటగాడు లాంపార్డ్ కొట్టిన బంతి గీత దాటి లోపల పడినా గోలు ఇవ్వలేదు. దరిమిలా గోలు గీత యంత్రం వచ్చింది. ఇప్పుడు దాని గురించి దెబ్బలాడుకునేవాళ్ళు దాదాపు లేరు. ఎందుకంటే అది యంత్రం జవాబు చెప్పగలిగిన ప్రశ్న. "కావాలని చేశాడా?" అన్నది అలాంటి ప్రశ్న కాదు. కెమెరాని ఎంత దగ్గరికి తెచ్చినా చెయ్యి కనిపిస్తుంది గానీ ఉద్దేశం కనిపించదు.

మరి ఐఫాబ్ ఏం చేసింది? కెమెరా జవాబు చెప్పలేని ప్రశ్న కనుక ప్రశ్నని మార్చడం మొదలుపెట్టింది. మనసుని వదిలి శరీరం వైపు తిరిగింది. 2019 నుంచి చట్టంలోకి చెయ్యి ఎక్కడుంది, భుజం కంటే పైకి ఉందా, శరీరాన్ని అసహజంగా పెద్దది చేసిందా అన్న మాటలు వచ్చి చేరాయి. దాడి చేసే జట్టువాడి చేతికి పొరపాటున తగిలి గోలైనా, గోలు అవకాశం వచ్చినా సరే, ఆ గోలు చెల్లదన్నారు.

దీని ఫలితం ఎలా ఉందో మాంచెస్టర్ సిటీ మైదానంలో కళ్ళారా కనిపించింది. 2019 ఏప్రిల్ 17న ఛాంపియన్స్ లీగ్ ఆటలో టోటెన్‌హమ్‌కి చెందిన యోరెంటే తుంటికి తగిలి బంతి గోల్లోకి వెళ్ళింది. వెళ్ళేముందు చేతిని రాసుకున్నట్టు కొన్ని కోణాల్లో కనిపించింది. రిఫరీ తెర చూసి, కావాలని చెయ్యలేదని గోలు ఇచ్చాడు. ఆ గోలుతో సిటీ ఇంటిముఖం పట్టింది. సరిగ్గా నాలుగు నెలలకి, ఆగస్టు 17న, అదే మైదానంలో, అవే రెండు జట్లు. చివరి క్షణాల్లో సిటీ ఆటగాడు గాబ్రియెల్ జీసస్ గోల్ కొట్టాడు, స్టేడియం ఎగిరి గంతేసింది. అంతలో వీడియో గది నుంచి కబురు. ముందుగా బంతి లపోర్త్ చేతిని రాసుకుని వెళ్ళింది, గోలు చెల్లదు. ఆట 2-2తో ముగిసింది. సిటీ అభిమాని మొహం ఒక్కసారి ఊహించుకోండి. ఏప్రిల్‌లో చేతికి తగిలిందేమో అన్న గోలు చెల్లి మనం ఓడిపోయాం, ఆగస్టులో చేతికి తగిలిందని మన గోలే పోయింది. రెండు నిర్ణయాలూ ఆనాటి చట్టం ప్రకారం సమర్థించదగ్గవే! ముందర నుయ్యి వెనక గొయ్యి అన్నట్టయింది వాళ్ళ పని.

తరవాతి ఏడు రక్షించేవాళ్ళ వంతు. 2020 సెప్టెంబరు 27న టోటెన్‌హమ్, న్యూకాసిల్ ఆడుతున్నాయి. ఎరిక్ డయ్యర్ గాల్లోకి ఎగిరాడు, చెయ్యి పైకి లేచింది. వెనక నుంచి ఆండీ కారల్ తలతో కొట్టిన బంతి ఆ చేతికి తగిలింది. డయ్యర్ బంతికి వీపు పెట్టి ఉన్నాడు, తగిలేదాకా అతనికి తెలిసే వీలు లేదు. అయినా పెనాల్టీ. ఆట అయిపోవస్తుండగా గోలు, 1-1. చేతులు ఎత్తకుండా గాల్లోకి ఎగరడం ఎవరికైనా సాధ్యమా? మీరు ఇప్పుడే ఇంట్లో ప్రయత్నించి చూడండి, పక్కన గాజు సామాను లేకుండా చూసుకుని! జెట్టీలా చేతులు వీపు వెనక పెట్టుకుని పరుగెత్తే రక్షకులు అప్పటినుంచే మన టీవీల్లో ఎక్కువయ్యారు. గోల పెద్దదై, కొద్దిరోజులకే ప్రీమియర్ లీగ్‌లో పట్టు కొంచెం సడలించారు. అంటే ఆ సీజన్ మొదటి వారాల్లో పెనాల్టీ అయినది తరవాతి వారాల్లో కాకుండా పోయింది. మన పిల్లల ప్రశ్న తప్పేమీ కాదన్నమాట.

2021లో చట్టాన్ని మళ్ళీ సవరించారు. దాని సారం ఇది. ఒకటి, కావాలని చేత్తో తాకితే తప్పు. రెండు, ఆ క్షణంలో చేస్తున్న కదలికకి అవసరం లేకుండా చెయ్యి చాచి శరీరాన్ని అసహజంగా పెద్దది చేసి, దానికి బంతి తగిలితే తప్పు. మూడు, తన చేతికి తగిలి నేరుగా గోలైనా, తగిలిన వెంటనే తనే గోల్ కొట్టినా, పొరపాటయినా సరే గోలు చెల్లదు. జట్టులో ఇంకొకడి చేతికి పొరపాటున తగిలితే మాత్రం ఇప్పుడు తప్పు లేదు. లపోర్త్ ఉదంతం ఇవాళ జరిగుంటే ఆ గోలు నిలిచేది. ఇక చెయ్యంటే ఎక్కడినుంచి అన్నదానికి చంక అడుగుభాగం హద్దు. అక్కడికి పైది భుజం, కిందిది చెయ్యి. 2024లో ఇంకో చిన్న మార్పు వచ్చింది. ఖాయమైన గోలు అవకాశాన్ని కావాలని కాకుండా చేత్తో ఆపి పెనాల్టీ ఇచ్చుకుంటే ఎర్ర కార్డు బదులు పసుపు కార్డే.

ఇంత రాశాక కూడా తగువు తీరలేదు. 'అసహజంగా' అన్న మాటని కొలిచే టేపు ఎవరి దగ్గరా లేదు. 2024 యూరో పోటీల్లో ఆరు రోజుల తేడాలో జరిగిన రెండు సంగతులు చూడండి. జూన్ 29న డార్ట్‌మండ్‌లో జర్మనీ, డెన్మార్క్. జర్మనీ ఆటగాడు పక్కనుంచి కొట్టిన బంతి డెన్మార్క్ రక్షకుడు ఆండర్సన్ వేళ్ళకి కొద్దిగా తగిలింది. ఆ బంతిలో ఒక చిన్న పరికరం ఉంది, సెకనుకి 500 సార్లు కదలికని నమోదు చేస్తుంది. తెర మీద గీత ఒక్కసారి పైకి లేచింది, అచ్చం మన క్రికెట్‌లో బ్యాట్ అంచుకి తగిలితే స్నికో చూపించినట్టు. పెనాల్టీ, గోలు. అంతకు కొద్ది నిమిషాల ముందే ఇదే ఆండర్సన్ కొట్టిన గోలు, తోటి ఆటగాడి కాలివేలు ఆఫ్‌సైడ్‌లో ఉందని కొట్టేశారు. గోరుచుట్టు మీద రోకటి పోటు! జూలై 5న స్టుట్‌గార్ట్‌లో అదే జర్మనీ, ఎదురుగా స్పెయిన్. అదనపు సమయంలో స్కోరు 1-1 మీద ఉండగా ముసియాలా బలంగా కొట్టిన బంతి కుకురెయా చేతికి అందరి కళ్ళ ముందే తగిలింది. పెనాల్టీ ఇవ్వలేదు, వీడియో గదీ ఊరుకుంది. 119వ నిమిషంలో స్పెయిన్ గోలు కొట్టి గెలిచింది. అది పెనాల్టీ ఇవ్వాల్సిందేనని యూరప్ సమాఖ్య రిఫరీల కమిటీ తరవాత అభిప్రాయపడినట్టు సెప్టెంబరులో వార్తలొచ్చాయి. పరికరం ఏం చెప్పింది? తగిలిందని చెప్పింది. తగలడం తప్పా కాదా అన్నది అది చెప్పలేదు. రెండోసారి అందరికీ తెలిసిన సంగతి అదొక్కటే, తగిలిందని!

ఇంకొక సూక్ష్మం ఉంది. అదే వేగం తగ్గించి చూపించడం. మామూలు వేగంలో అర క్షణంలో జరిగిపోయినదాన్ని సాగదీసి చూస్తే, "అంతసేపు ఉంది కదా, చెయ్యి తీసెయ్యొచ్చుగా" అనిపిస్తుంది. అంతసేపు నిజంగా లేదు, అది తెర చేసిన మాయ. 2016లో అమెరికా పరిశోధకులు ముగ్గురు దీని మీద ఒక అధ్యయనం ప్రచురించారు. ఒకే దృశ్యాన్ని నెమ్మదిగా చూసినవాళ్ళు, మామూలు వేగంలో చూసినవాళ్ళకంటే ఎక్కువగా "కావాలనే చేశాడు" అని నమ్మారు. వాళ్ళు చూపించిన వాటిలో కోర్టు కేసులో వాడిన కాల్పుల వీడియో ఒకటి. ఐఫాబ్‌కి ఈ చిక్కు తెలియక కాదు. ఎక్కడ తగిలిందో చూడటానికి నెమ్మది వేగం వాడండి, తప్పవునో కాదో తేల్చడానికి మామూలు వేగం వాడండి అని వాళ్ళ నిబంధనల్లోనే ఉంది. కానీ ఒకసారి నెమ్మదిగా చూసిన కన్ను దాన్ని మరిచిపోతుందా?

శిక్ష బరువు కూడా చూడండి. నాలుగు పెనాల్టీలు కొడితే సుమారు మూడు గోలవుతాయి. ఒక ఆటలో రెండో మూడో గోళ్ళు పడే చోట ఒక పెనాల్టీ అంటే దాదాపు సగం ఆట. మెక్రమ్ దాన్ని అడిగింది గోల్లోకి పోయే బంతిని చేత్తో ఆపే దొంగకోసం. ఇప్పుడు అదే శిక్ష, ఏరియా మూలన, గోలుకి దూరంగా పోయే బంతి వేలికొసకి తగిలినవాడికీ పడుతోంది. పేడు దొంగిలించినవాడికీ పేటిక దొంగిలించినవాడికీ ఒకే కొరడా! పొరపాటు తాకుడికి పెనాల్టీ బదులు మామూలు ఫ్రీకిక్ ఇస్తే చాలదా అని అడిగేవాళ్ళున్నారు. నాకూ అది సబబే అనిపిస్తుంది. అయితే రెండో వైపూ ఉంది. 2010లో ఘనా మీద ఉరుగ్వే ఆటగాడు సువారెజ్ చివరి క్షణంలో గోలు గీత మీద చేత్తో బంతి ఆపాడు. ఎర్ర కార్డు ఇచ్చారు, పెనాల్టీ ఇచ్చారు, చట్టం చెప్పినవన్నీ అక్షరాలా జరిగాయి. ఘనా ఆటగాడు జ్యాన్ పెనాల్టీ పైకర్రకి కొట్టాడు, ఉరుగ్వే గెలిచింది. కావాలని చేసినవాడికి ఆ శిక్ష కూడా చాలలేదు, అనుకోకుండా చేసినవాడికి అది ఎక్కువైంది. చట్టం ఒకటే గాని, న్యాయం రెండు చోట్లా అందలేదు.

స్టేడియానికి డబ్బు పోసి వెళ్ళేవాళ్ళ బాధ ఇంకో రకం. గోలు పడితే గంతులెయ్యాలా వద్దా అని ఆగి చూస్తున్నారు. ఇంట్లో ఉన్న మనకు రీప్లే కనిపిస్తుంది, అక్కడున్నవాళ్ళకి తెర మీద 'పరిశీలిస్తున్నారు' అన్న మాట తప్ప ఏమీ తెలిసేది కాదు. కోపానికి అసలు మూలం చాలాసార్లు నిర్ణయం కాదు, ఎందుకో చెప్పకపోవడం. 2023 సెప్టెంబరు 30న లివర్‌పూల్ ఆటగాడు లూయీ డియాజ్ గోలుని మైదానంలో ఆఫ్‌సైడ్ అన్నారు. వీడియో గది పరిశీలించి అది సరైన గోలేనని చూసింది. కానీ మైదానంలో గోలు ఇచ్చారనే భ్రమలో "పరిశీలన పూర్తయింది" అని చెప్పేసింది. ఆట మళ్ళీ మొదలైపోయింది, ఇక వెనక్కి వెళ్ళడానికి నియమం ఒప్పుకోదు. తరవాత ఆ గదిలోని మాటలు బయటపెట్టారు. వింటే యంత్రం తప్పేమీ లేదని తెలుస్తుంది. తడబడింది మనుషులు. 2023 మహిళల ప్రపంచకప్‌లో రిఫరీలు మైకులో నిర్ణయాన్ని స్టేడియమంతా వినేలా చెప్పారు. 2025 జనవరిలో ఇంగ్లండులోనూ లీగ్ కప్ సెమీఫైనల్లో మొదలుపెట్టారు. ఇది మంచి మార్పు. తీర్పు నచ్చకపోయినా కారణం తెలిస్తే మనిషి సగం శాంతిస్తాడు.

మరి ఇదంతా తీసి పారేస్తే పోదా? అడిగినవాళ్ళున్నారు. 2024లో వుల్వ్స్ క్లబ్బు ప్రీమియర్ లీగ్‌లో తీసేద్దామని తీర్మానం పెట్టింది. జూన్ 6న 19 మంది కాదన్నారు, వుల్వ్స్ ఒక్కటే మిగిలింది. స్వీడన్ క్లబ్బులు అభిమానుల మాట విని అసలు రానివ్వమన్నాయి. నార్వేలో 2024 జూలైలో జనం మైదానంలోకి చేప కట్లెట్లు విసిరి ఒక ఆటని ఆపించేశారు! 2025 జనవరిలో అక్కడి క్లబ్బులు తీసెయ్యమని ఓటేశాయి, మార్చిలో సమాఖ్య సమావేశం మాత్రం ఉంచుదామంది. నా మటుకు నాకు ఆన్రీ చెయ్యి గుర్తొచ్చినప్పుడల్లా, ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవద్దనిపిస్తుంది.

ఇక మొదట్లో చెప్తానన్న క్రికెట్ సంగతి. డీఆర్ఎస్ 2008లో భారత్, శ్రీలంక టెస్టుల్లో ప్రయోగంగా మొదలైంది. మనవాళ్ళు చాలాకాలం ఒప్పుకోలేదు, 2016లో ఇంగ్లండు మన దేశానికి వచ్చినప్పుడు గాని తల ఊపలేదు. అందులో మూడు తెలివైన పనులున్నాయి. ఒకటి, అడిగే హక్కు ఆటగాళ్ళది, లెక్క ప్రకారం కొన్నిసార్లే. అనవసరంగా అడిగితే అవకాశం పోతుంది. రెండు, చూసేవాళ్ళందరికీ తెర మీద అన్నీ కనిపిస్తాయి, మూడో అంపైర్ మాటలు టీవీలో వినిపిస్తాయి. మూడు, అన్నింటికన్నా ముఖ్యం, 'అంపైర్స్ కాల్'. ఎల్బీడబ్ల్యూలో బంతి సగం కంటే తక్కువగా వికెట్టుని తాకుతుందని తేలితే, మైదానంలో అంపైర్ ఏమన్నాడో అదే ఖాయం. అంటే యంత్రమే ఒక గీత గీసి, "దీని అవతల నాకు నమ్మకం లేదు, పెద్దాయన మాటే వినండి" అంటుంది. క్రికెట్‌లోనూ దాని మీద వాదనలు లేకపోలేదు గాని, యంత్రానికి ఎక్కడ ఆగాలో చెప్పి పెట్టారు.

ఫుట్‌బాల్ ఇప్పుడిప్పుడే అటు నడుస్తోంది. 2024లో కొలంబియాలో జరిగిన 20 ఏళ్ళలోపు అమ్మాయిల ప్రపంచకప్‌లో, కోచ్ ఆటకి రెండుసార్లు పరిశీలన కోరే పద్ధతిని ఫీఫా ప్రయత్నించింది. ప్రీమియర్ లీగ్ కూడా 2024-25 నుంచి 'రెఫరీస్ కాల్' అన్న మాటని ముందుకు తెచ్చింది. మైదానంలో ఉన్నవాడి నిర్ణయాన్ని తేలిగ్గా కదిలించొద్దని దాని అర్థం.

చివరగా మన ఆదివారం ఉదయాల గురించి నాలుగు మాటలు. మన పిల్లలు ఆడే పార్కుల్లో వీడియో గది లేదు, బంతిలో పరికరం లేదు. ఉన్నది ఈల పట్టుకున్న ఒక కుర్రాడో అమ్మాయో. ఇంగ్లండులో 14 ఏళ్ళు నిండితే రిఫరీ కోర్సు చెయ్యొచ్చు. అంటే చాలాచోట్ల ఆ రిఫరీ మన పెద్దబ్బాయి వయసువాడు. టీవీలో వారమంతా నిర్ణయాలను చీల్చి చెండాడటం చూసి, గీత పక్కన నిలబడి మనమూ "హ్యాండ్‌బాల్! కళ్ళు కనిపించట్లేదా?" అని అరుస్తాం. ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘం 2008లోనే రెస్పెక్ట్ పేరిట ఒక ఉద్యమం మొదలుపెట్టి, తల్లిదండ్రులను తాడుకి ఇవతల నిలబెట్టింది. 2023లో కొన్ని ప్రాంతాల్లో రిఫరీల ఒంటి మీద కెమెరాలు పెట్టే ప్రయోగం చెయ్యాల్సి వచ్చింది. ఆ కెమెరా ఉన్నది బంతిని చూడటానికి కాదండీ, మనల్ని చూడటానికి. పద్నాలుగేళ్ళ పిల్ల ఈల కింద పడేసి ఏడుస్తూ వెళ్ళిపోతే, వచ్చే ఆదివారం మన పిల్లల ఆటకి రిఫరీ ఉండడు.

కనుక ఈసారి మీ అబ్బాయి "నాన్నా, అది పెనాల్టీయేనా?" అని అడిగితే, టీవీ తెర కన్నా ముందు వాడికి రెండు ప్రశ్నలు నేర్పండి. బంతి ఎంత దూరం నుంచి వచ్చింది? ఆ కదలికకి చెయ్యి అక్కడ ఉండటం మామూలేనా? ఈ రెండిటికీ వాడు తనంతట తాను జవాబు చెప్పుకోగలిగితే చట్టంలో సగం వచ్చేసినట్టే. మిగతా సగం, కొన్ని ప్రశ్నలకి ఇద్దరు మంచివాళ్ళు నిజాయితీగా రెండు జవాబులు చెప్పొచ్చని తెలుసుకోవడం. అది ఫుట్‌బాల్ కన్నా పెద్ద పాఠం. తన చేతికి తగిలినప్పుడు రిఫరీ చూడకపోయినా వాడే చెయ్యెత్తి ఒప్పుకుంటే, ఆ రోజు స్కోరు ఎంతైనా మీరు గెలిచినట్టే.

మీ ఇంట్లో ఈ విషయం మీద తగువు వస్తే వచ్చే వారానికి రాసి పంపండి, చదివి వినిపిస్తాం. పిల్లలు తెలుగులో రాస్తే ముందు వాళ్ళవే చదువుతాం. అందాకా సెలవు. నమస్కారం.